టాటూపసర్పణం – సటీకా తాత్పర్యం

మూలం:

“అన్నా, సేమ్ టు సేమ్ కావాలి. మీనింగు ఉండాలి. లాస్టెంత?”

అవతారిక

ఈ మూలానికి కర్త ఎవరో తేల్చడం కష్టం. కాకినాడలో టాటూ షాపు పెట్టుకున్న మా శిష్యుడొకడి ఫోనులోకి కొత్త కొత్త నంబర్ల నుంచి రోజూ ఇదే దిగుతుంది. ముందు ఒక ఫోటో. ఎవడిదో కండలు తిరిగిన చెయ్యి, దాని మీద కిరీటం పెట్టుకున్న సింహం. ఫోటో కింద ఈ మూడు వాక్యాలు. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఇంతమంది, ఒకరి పాఠం ఒకరు వినకుండా, అక్షరం తేడా లేకుండా ఒకే మాట అంటున్నారంటే దీన్ని అపౌరుషేయాల్లో చేర్చడం తప్ప గత్యంతరం లేదు. అపౌరుషేయమన్నాక భాష్యం ఉండి తీరాలి.

“ఏదైనా నాలుగు ముక్కలు రాసిపెట్టండి మాస్టారూ, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాను” అన్నాడు వాడు. నాలుగు ముక్కల్లో తేలిపోయే విషయమైతే తెలుగు పండితుడి దాకా ఎందుకొస్తుంది? అందుకని యానాం మెట్టకూరులో, పక్కన బ్రౌణ్య నిఘంటువు పెట్టుకుని, సాంగోపాంగంగా వ్యాఖ్య మొదలుపెట్టాను. కాళిదాసుకి సంజీవని రాయబోతూ కొలచల మల్లినాథసూరి, మూలంలో లేనిదాని జోలికి పోననీ అక్కర్లేని మాట ఒక్కటీ చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నేనూ అదే ఒట్టు పెట్టుకుంటున్నాను. కోరంగి దాటేదాకా అది నిలబడితే చాలు.

పేరు మీదే ఆక్షేపణ రావచ్చు. టాటూ అన్యదేశ్యం, ఉపసర్పణం తత్సమం. రెండింటికీ సవర్ణదీర్ఘం చేసి ముడివెయ్యడం వైరిసమాసం కాదా అని. చిన్నయసూరి ఉంటే ఒప్పుకోడు, నిజమే. కానీ ఇది యానాం. 1930లో బాల్యవివాహాలని అడ్డుకునే శారదా చట్టం అమల్లోకి వచ్చాక, అవతల బ్రిటిషు ఇండియాలో నేరమైన పెళ్ళిళ్ళన్నీ మేళతాళాలతో తరలివచ్చి ఫ్రెంచివారి నీడన ఇక్కడ జరిగిపోయేవి. అన్నేసి పెళ్ళిళ్ళకి అడ్డు చెప్పని ఊరు ఈ ఒక్క సమాసానికి చెప్తుందా?

ఛందస్సు

మూలం వచనంలా కనిపిస్తుంది. లక్షణం తెలిసినవాడు అంత తేలిగ్గా మోసపోడు. పిలుపు వదిలేస్తే, “సేమ్ టు సేమ్”: గురువు, లఘువు, గురువు. ర గణం. “మీనింగు”: రెండు గురువులు, ఒక లఘువు. త గణం. “లాస్టెంత”: మళ్ళీ రెండు గురువులు, ఒక లఘువు. మళ్ళీ త గణమే. గణాలకి అధిదేవతలున్నారు, ఫలాలున్నాయి; కావ్యం ఏ గణంతో ఎత్తుకోవాలో, ఏది ఎత్తుకుంటే కవికి ముప్పో మన లాక్షణికులు పుటలకి పుటలు రాశారు. ర గణానికి దేవత అగ్ని, ఫలం నాశనం. త గణానికి దేవత ఆకాశం, ఫలం శూన్యం. అంటే మూలకర్త నిప్పుతో ఎత్తుకుని, మీనింగు దగ్గరికి వచ్చేసరికి శూన్యంలో పడి, ధర కూడా శూన్యంలోనే ఉండాలని కోరుకుంటున్నాడు. కవి హృదయం గణాల్లో ఇంత నిజాయితీగా బయటపడ్డ సందర్భం మన వాఙ్మయంలో అరుదు.

మరి ఎత్తుగడ ఎలా ఉండాలి? “నమస్తే”. ఒక లఘువు, రెండు గురువులు. య గణం. దేవత జలం, ఫలం వృద్ధి. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, గుమ్మంలో ఉన్న జలదేవతని వదిలేసి అగ్నిహోత్రుణ్ణి ఎందుకు పట్టుకుంటున్నామో నాకు అంతుపట్టదు.

టీక

అన్నా: స్పష్టం.

(ఎక్కడ చిక్కుందో అక్కడ ‘స్పష్టం’ అని దాటేసి, ఏమీ లేనిచోట రెండు పుటలు రాయడం వ్యాఖ్యాతల హక్కు. కానీ మా శిష్యుడు ఊరుకోలేదు.)

శంక: ‘అన్నా’ గౌరవవాచకమే కదా, దోషమేమిటి?

సమాధానం: గోదావరి జిల్లాల మర్యాద ఎరిగినవాడు వెయ్యాల్సిన శంక కాదిది. ఇక్కడ బస్సు కండక్టర్ని “ఆయ్, కొంచెం ఆపండి” అంటాం. అలిగి అటకెక్కి కూర్చున్న పిల్లాణ్ణి “తమరు దిగుతారా, నన్ను రమ్మంటారా?” అంటాం. తగువులో చొక్కా పట్టుకున్నా “మర్యాదగా చెప్తున్నానండీ” అనే పట్టుకుంటాం. అలాంటివాళ్ళం ఫోను చేతికి రాగానే అన్నాతో మొదలెట్టి ఎంతతో ముగిస్తున్నాం. మధ్యలో పేరు లేదు, ఊరు లేదు, అండి లేదు. చర్మంలోకి సూది దింపబోయే మనిషికి పెట్టని అండి ఇంకెవరి కోసం దాచుకున్నట్టు? పైగా ఇది చుట్టరికం కలుపుకునే అన్న కాదు. బేరం కోసం ముందుగా పంపిన అన్న.

సేమ్ టు సేమ్: ఒక వస్తువుకి అదే సాటి అని చెప్పడాన్ని అనన్వయాలంకారం అంటారు. ఆకాశానికి ఆకాశమే సాటి, సముద్రానికి సముద్రమే సాటి. ఈ మూడు మాటలూ అచ్చమైన అనన్వయం. లోకంలో ఏ చెయ్యి ఇంకో చేతికి సాటి రాదని ఆ అలంకారమే చెప్తోంది, వినే నాథుడు లేడు. ఫోటోలో ఉన్నవాడి దండ మా గుమ్మం ద్వారబంధమంత ఉంది. పంపినవాడిది చీపురుపుల్ల. ఆ దండ మీద గీసిన సింహాన్ని ఈ దండ మీదికి దించితే జూలు వెనక్కి చుట్టుకుపోతుంది, మూతి ముందుకి పొడుచుకొస్తుంది, చూసినవాళ్ళు పిల్లి అనుకుంటారు. ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం భ్రాంతిమదలంకారం. ఒకే చేతి మీద రెండు అలంకారాలు, ఒకే రేటుకి.

ఇంకో సంగతి. ఆ ఫోటోలో సింహాన్ని ఎక్కడో ఎవరో రాత్రుళ్ళు కూర్చుని గీశారు. దాన్ని ఆ చేతి కోసం గీశారు. అడక్కుండా దించడాన్ని సాహిత్యంలో కావ్యచౌర్యమంటాం. టాటూలో రిఫరెన్సు అంటున్నారు. మావాడి బాధ దీనికి ఒక మెట్టు పైది. “అన్నా, నా కోసం స్పెషల్‌గా గియ్యి” అంటారట. వాడు గీసి పంపుతాడు. అవతలివాడు ఆ బొమ్మని ఫోనులో దాచుకుని, వీధి చివర ఇంకో షాపుకి పట్టుకెళ్ళి, “సేమ్ టు సేమ్ కావాలి, లాస్టెంత?” అంటాడు. గీసినందుకు అడ్వాన్సు అడిగితే మావాడికి డబ్బు మనిషని పేరు.

యంత్రానికి కూడా ఈ నకలు జబ్బు పుట్టుకతోనే ఉందనుకోండి. కాగితాలకి నకళ్ళు తియ్యడానికి ఎడిసన్ 1876లో ఒక కరెంటు కలానికి పేటెంటు తీసుకున్నాడు. మోటారు సూదిని చకచకా ఆడిస్తే కాగితం నిండా సన్నటి బెజ్జాలు పడతాయి, ఆ బెజ్జాల్లోంచి సిరా దిగి కింద కాగితం మీద అదే రాత పడుతుంది. న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే పచ్చబొట్ల ఆయన ఆ ఊహనే పట్టుకుని, 1891లో టాటూ యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆఫీసు గుమాస్తా పనిముట్టు ఒంటి మీదికి వచ్చిందన్నమాట.

మన దగ్గర కూడా సేమ్ టు సేమ్ ఉండేది, కానీ దాని మర్యాద వేరు. మా నాయనమ్మ ముంజేతి మీది చుక్కలూ, తేలూ ఆ వీధిలో ఇంకా ఎంతోమంది ఆడవాళ్ళ చేతుల మీద ఉండేవి. అందరికీ పొడిచిన చెయ్యి ఒకటే కాబట్టి. ఎరుకల ఆవిడ బుట్ట చంకన పెట్టుకుని “పచ్చలు పొడుస్తాం, పచ్చలు” అని వీధిలోకి వచ్చేది. ఎవరి ఫోటో చూపించినా ఆవిడకి అక్కర్లేదు. తనకి వచ్చిన బొమ్మలు నాలుగో ఐదో, అవి కళ్ళు మూసుకుని పొడిచేది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పిల్ల ఏడవకుండా కూనిరాగం తీస్తూ పొడిచేది. చచ్చాక వెంట వచ్చే నగ ఇదొక్కటేనని మా నాయనమ్మ నమ్మకం. మిగతా నగలు కోడళ్ళకి పోతాయని ఆవిడకి అప్పటికే తెలుసు.

ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర మద్రాసు మ్యూజియం చూసుకుంటూ, దక్షిణాది కులాల మీదా తెగల మీదా 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో కొరవ, ఎరుకల ఆడవాళ్ళ పచ్చబొట్టు మసి తయారీ ఉంది. పసుపూ అవిసాకూ కలిపి నూరతారు. ఆ ముద్దని పల్చటి గుడ్డకి పట్టించి వత్తిలా చుట్టి, ఆముదం ప్రమిదలో వెలిగిస్తారు. పైన కొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపల పట్టిన మసిని గీకి, చనుబాలతోనో నీళ్ళతోనో కలుపుతారు. సూదులు కొన్ని చేర్చి దారంతో కడతారు. ఇంత శ్రద్ధగా ఒక మసి వంటకాన్ని రాసుకున్న ప్రభుత్వమే ఆ వంట తెలిసినవాళ్ళని నేరస్త జాతుల చట్టం కింద కట్టి పోలీసు స్టేషన్లో హాజరు వేయించింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా పాకింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో వెలసింది అందుకే, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో, ఎరుకల వాళ్ళని ఒకచోట కట్టిపెట్టడానికి. చట్టం రద్దయ్యేసరికి 1952 వచ్చింది. పొద్దున్న మన ఆడపిల్లల చేతులు ఒళ్ళో పెట్టుకుని పాట పాడిన మనిషి, సాయంత్రానికి రిజిస్టరులో దొంగ. ఆవిడ పేరేమిటని మా నాయనమ్మని అడిగాను. “ఎరుకలది” అంది. నగ పేరు తెలుసు, నగ పెట్టిన మనిషి పేరు తెలీదు. చాటెడు బియ్యం పోసి పంపించారు, అందులోనూ బేరమాడి.

సర్కారుకి పచ్చబొట్టు కొత్త కాదు లెండి. 1849లో మానేసేదాకా కంపెనీ ప్రభుత్వం యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరాన్ని అక్షరాలా పొడిపించేది. అక్కడ డిజైన్ గురించి షాపుకి ముందుగా కబురు పెట్టే అవసరమే ఉండేది కాదు.

ఇక కోరంగి. యానాం నుంచి కాకినాడ వెళ్ళే బస్సులో కూర్చుంటే తాళ్ళరేవు తర్వాత వస్తుంది. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నారు గానీ, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన ముంచేసింది. అయినా ఆ పేరు సముద్రం దాటి బతికింది. 1843లో తెలుగు కూలీలని మారిషస్ తీసుకెళ్ళిన ఓడ పేరు కోరింగా ప్యాకెట్. రంగూన్‌లో తెలుగువాడు ఏ ఊరివాడైనా బర్మావాళ్ళకి కోరంగీయే. ఆ రంగూన్ రేవులో మనవాళ్ళు మూటలు మోస్తూ చూసిన బర్మా మగవాళ్ళకి నడుము నుంచి మోకాలి దాకా పచ్చబొట్టే, దూరం నుంచి చూస్తే నీలం లాగు తొడుక్కున్నట్టు. పొడిచే కడ్డీ రెండడుగుల పొడవు, పైన ఇత్తడి బరువు. అంత నొప్పి ఓర్చుకోలేని కుర్రాళ్ళకి నల్లమందు పట్టించి పొడిచేవారని ష్వే యో అనే మారుపేరుతో జార్జి స్కాట్ 1882లో రాసిన పుస్తకంలో ఉంది. ఆ నీలం లాగులో పులులూ కోతులూ రాక్షసులూ గళ్ళు గళ్ళుగా ఉంటాయి, ఒక్కో గడి చుట్టూ బర్మా అక్షరాలు. ఆ అక్షరాలు గుండ్రంగా, మన తెలుగుకి దూరపు చుట్టాల్లా ఉంటాయి. దక్షిణాది పల్లవ లిపి నుంచే దిగాయి మరి. మూట దించి చెమట తుడుచుకుంటున్న కోరంగీ ఒకడు, ఎదుటివాడి తొడ మీద తన ఊరి అక్షరాన్ని పోలిన అక్షరం చూసి ఏమనుకుని ఉంటాడు? దీని మీద ఇంకో పది పుటలు రాయగలను. రాసి తీరాలని కూడా ఉంది. అల్లంత దూరాన మల్లినాథుడు చూస్తున్నాడు.

ఎక్కడున్నాం? సేమ్ టు సేమ్ దగ్గర. అది కుదరదు. తర్వాతి పదం.

మీనింగు ఉండాలి: దేనికి మీనింగు? సింహానికి. సింహం మీనింగు సింహమే, అమరకోశంలో పర్యాయపదాలు కూడా ఉన్నాయి. మాటకి వాచ్యార్థం వెనక వ్యంగ్యార్థం ఉంటుందని కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాసి ఒప్పించాడు, కాదనను. కానీ ఆ వ్యంగ్యం చదివిన సహృదయుడికి దానంతటది స్ఫురించాలి. కవి పక్కనే నిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి, “ఈ మూడు పిట్టలూ నా స్ట్రగుల్ అన్నా, ఈ నాలుగోది నా సక్సెస్” అని వివరిస్తే దానికి ధ్వని అని పేరు లేదు. ఒకాయన గుండె చప్పుడు గీత పొడిపించుకున్నాడు, ఈసీజీలో వస్తుందే, అది. జీవితంలో ఎత్తుపల్లాలుంటాయన్నది భావమట. ఆ గీతకి అర్థం చెప్పాల్సినవాడు కార్డియాలజిస్టు. ఆయనకి చూపిస్తే ముందు అడ్మిట్ చేసుకుంటాడు.

మీనింగుకి దగ్గరి దారి సంస్కృతం అని ఒక భ్రమ బయల్దేరింది. తెలుగులో రాయించుకుంటే ఊరి మనిషి, నాగరిలో రాయించుకుంటే లోతైన మనిషి. ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ 2000లో భార్య విక్టోరియా పేరు నాగరిలో ముంజేతి మీద పొడిపించుకుంటే, వకారం పక్కన ఒక హకారం అదనంగా వచ్చి కూర్చుంది. లోకమంతా నవ్వింది. నేను మాత్రం ఆయన పక్షమే. మరాఠీలో ఇంగ్లీషు పేర్లకి వకారం పక్కన హకారం పెట్టి రాసే అలవాటుంది. కాబట్టి దాన్ని తప్పనకూడదు, మరాఠీ పాఠాంతరం అనాలి. ఇంత దూరం ఆలోచించి బెక్‌హామ్‌ని కాపాడిన వ్యాఖ్యాతని మూలకర్తలు ఒక్క పేరు సరిచూడమని అడగరు. అసలు కడుపుమంట ఇక్కడుంది.

మా శిష్యుడి షాపులో ఒకసారి కూర్చున్నాను. తాళ్ళరేవు వైపు కుర్రాడు ముంజెయ్యి గొరిగించుకుని బల్ల మీద పెట్టాడు. స్టెన్సిల్ కాగితం అద్ది తీస్తే ఊదారంగు అక్షరాలు చర్మం మీద పడ్డాయి. ముందు అకారం. పక్కన పొల్లు మకారం. కొంచెం ఎడంగా ఇంకో మకారం. “అమ్‌ మ”. పరదేశంలో తయారైన బొమ్మల సాఫ్ట్‌వేరుకి మన ఒత్తుని కింద కూర్చోబెట్టడం తెలీదు. సెట్టింగు మార్చకపోతే హల్లుని విరిచి, పొల్లు పెట్టి, పక్కన పడేస్తుంది. పెళ్ళి ఫ్లెక్సీల మీద ఇలాంటివి చూస్తూనే ఉంటాం, ఫ్లెక్సీ వారానికి చిరుగుతుంది.

“బాబూ, మీ అమ్మగారిని రెండు ముక్కలు చేశారు” అన్నాను.

“ఫాంటు స్టైలేమో అనుకున్నానండి” అన్నాడు ఆ కుర్రాడు, నిజంగా కంగారు పడుతూ.

మావాడు స్పిరిట్ దూదితో తుడిచేశాడు. కాగితం ఇమ్మని, పెద్దబాలశిక్షలో ఉన్నట్టు గుండ్రంగా, ఒత్తు కింద బొద్దుగా కూర్చునేలా నేనే రాసిచ్చాను. అదే పొడిచాడు. ఇంకా అదృష్టం తక్కువవాళ్ళున్నారు. భార్య పేరు “లక్‌ష్‌మి” అని ఛాతీ మీద మోస్తున్న ఒకాయన్ని పుష్కరాల రేవులో చూశాను. క్షకారం అప్పటికే విడాకులు పుచ్చుకుంది. లేజరుతో చెరిపించుకోవచ్చు, కానీ అది విడతలు విడతలుగా సాగుతుంది, పొడిపించుకున్న ఖర్చుని మించిపోతుంది.

అక్షరాలు చిన్నవిగా, నాజూగ్గా కావాలని పట్టుబట్టేవాళ్ళకి ఒక లిపిశాస్త్ర హెచ్చరిక. సిరా చర్మంలో ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పాకుతుంది. ఇంగ్లీషు గీతలు తట్టుకుంటాయేమో గానీ మనవి అన్నీ సున్నాలూ గుడులూ కొమ్ములూ. చీమ తలంత రాయించుకుంటే కొన్నేళ్ళకి గుడి, గుడిదీర్ఘం ఒకటవుతాయి. తెలుగు సున్న పూడిపోయి నాగరి అనుస్వారంలా చుక్కవుతుంది. సంస్కృతం మోజు అలా తీరుతుంది.

లాస్టెంత: మొదటిది ఎంతో అడక్కుండానే ఆఖరిది అడగడం ఈ ప్రయోగంలో విశేషం. బేరం తప్పని నేననను. మంగళవారం సంతలో వంకాయలకి, వరద రోజుల్లో రేవు దగ్గర పులసకి బేరమాడని యానాం మనిషి లేడు. పులస విషయంలో కూడా ముందు మొప్ప ఎత్తి చూస్తాం, తర్వాత ధర అడుగుతాం. సొంత ఒంటి దగ్గర మొప్ప ఎత్తి చూసేవాడు ఒక్కడూ లేడు.

అడగాల్సింది సూది గురించి. “కొత్త సూది నా కళ్ళముందు విప్పుతారా అండీ?” ఈ ప్రశ్న మా శిష్యుడి ఫోనులో ఎంత పైకి జరిపి చూసినా దొరకలేదు. వాడు అడక్కపోయినా ప్యాకెట్టు చింపి చూపిస్తాడు, సిరా వేరే చిన్న మూతలో పోస్తాడు, మిగిలింది పారబోస్తాడు. ఎవరూ చూడరు, సెల్ఫీ తీసుకుంటుంటారు. ఒకరి రక్తం అంటిన సూది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రావచ్చు. పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళ దగ్గర ఏడాది దాకా రక్తదానం తీసుకోవద్దని మన దేశంలో బ్లడ్ బ్యాంకుల నిబంధన ఉన్నది అందుకే. మా నాయనమ్మ రోజుల్లో వీధంతటికీ ఒకే సూదుల కట్ట. ఆ సంప్రదాయాన్ని కూనిరాగం కోసం మెచ్చుకుంటాను, సూదుల కోసం మెచ్చుకోను. తీర్థాల్లో చెట్టు కింద ఒక బ్యాటరీ, ఒక సూది, ఒక సిరా మూత, ముందు వరసగా కుర్రాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. అక్కడ లాస్ట్ ధర చాలా తక్కువ.

యానాంలో మందు చవకన్నది అవతలి జిల్లాలకి మేం చెప్పాల్సిన విషయం కాదు. ధైర్యానికని ఒక క్వార్టరు వేసుకుని కాకినాడ బస్సెక్కే భక్తులున్నారు. బర్మా నల్లమందుకి ఇది దేశి పాఠాంతరం. తాగిన ఒంట్లో రక్తం ఎక్కువగా చిమ్ముతుంది, సిరా నిలవదు, మనిషి కదులుతాడు. మావాడు వాసన రాగానే వెనక్కి పంపిస్తాడు. పంపినందుకు తిట్లు తింటాడు. ఖాళీ కడుపుతో వచ్చి మధ్యలో కళ్ళు తిరిగి పడేవాళ్ళు వేరే తెగ.

ఆర్మీ సెలక్షన్లకి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు మరీ జాలి. పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపు, లేకపోతే అరచేతి వెనక ఉంటేనే సైన్యం ఒప్పుకుంటుంది. గిరిజనుల ఆచారపు పచ్చబొట్లకి సడలింపు ఉంది. భరతమాత బొమ్మ ఛాతీ నిండా వేయించుకుని, ఆ భరతమాత కారణంగానే మెడికల్లో తిరిగొచ్చినవాడికి మీనింగు ఎవరు చెప్పాలి?

షాపులవాళ్ళు మాత్రం మునులని నేననడం లేదు. నల్ల అద్దాలు, గుమ్మంలో పుర్రె, లోపల చెవులు పగిలే పాట. మర్యాదగా అడుగుదామని వెళ్ళిన పెద్దమనిషి గుమ్మంలోనే వెనక్కి తిరుగుతాడు. పుర్రె తీసెయ్యమని మావాడికి చెప్పాను. తీసి లోపలి గదిలో పెట్టాడు.

తాత్పర్యం

మూలంలో తాత్పర్యం లేదు. త గణం దగ్గరే చెప్పాను. కాబట్టి దానికి బదులు, ఫ్రేము కట్టించుకోవడానికి శుద్ధపాఠం ఇస్తున్నాను:

“నమస్తే అండీ. మాది ఫలానా ఊరు. ముంజేతి లోపలి వైపు మా అమ్మ పేరు తెలుగులో పొడిపించుకుందామని. మీరు వేసినవాటిలో ఈ తరహా నచ్చింది, నా చేతికి తగ్గట్టు మీరే గియ్యండి. గీసినందుకు అడ్వాన్సు ఎంత పంపాలి? నేను ఇంతవరకు పెట్టుకోగలను. సూది నా ముందే విప్పుతారు కదండీ? ఎప్పుడు రమ్మంటారు?”

శంక: ఇంత పొడుగు ఎవడు టైపు చేస్తాడు?

సమాధానం: చచ్చేదాకా మోసేవాడు.

చదువరులకి ఒక మనవి. పేరైనా, పద్యపాదమైనా తెలుగులో పొడిపించుకునేవారు, స్టెన్సిల్ ఒంటి మీద పడ్డాక, యంత్రం మోగకముందు, తెలుగు చదవడం వచ్చిన ఒకరి చేత పైకి చదివించండి. బడికెళ్ళే పిల్లలైనా ఫరవాలేదు, చదివి తడబడితే ఆపించండి. ఎవరూ దొరక్కపోతే కాగితం మీద రాసుకుని మెట్టకూరు రండి. సాయంత్రాలు ఇంటి దగ్గరే ఉంటాను. దిద్దినందుకు ఏమీ పుచ్చుకోను.